రక్షణ హామీలు: స్వదేశ రాజకీయాల ప్రభావం

ఆపద వస్తే సైన్యంతో అండగా నిలుస్తామని ఒక రాజ్యం మరో రాజ్యానికి ఇచ్చే మాటను రక్షణ హామీ అంటారు. సంధిపత్రం మీద సంతకం చేసేది ఒక రాజు, ఒక గవర్నరు లేదా ఒక ప్రధాని. ఆపద వచ్చేనాటికి ఆ మనిషి పదవిలో ఉండకపోవచ్చు. ఉన్నా ఖజానా తాళాలు మరొకరి చేతిలో ఉండవచ్చు, యుద్ధానికి అనుమతించాల్సిన సభలో ప్రత్యర్థులది పైచేయి కావచ్చు. అందుకే హామీ పొందిన రాజ్యం అవతలి వారి సైనిక బలాన్ని ఎంత జాగ్రత్తగా లెక్కవేస్తుందో, వారి ఇంటి రాజకీయాన్నీ అంతే జాగ్రత్తగా గమనిస్తుంది.

రాజనీతి శాస్త్రంలో దీనిపై రెండు వాదాలు బలంగా ఉన్నాయి. బహిరంగంగా ఇచ్చిన మాట తప్పిన నాయకుడిని సొంత ప్రజలే శిక్షిస్తారని, కాబట్టి ఎన్నికలున్న దేశాల మాటకు విలువ ఎక్కువని అమెరికా పండితుడు జేమ్స్ ఫియరన్ 1994లో వాదించాడు. ప్రభుత్వాలు తరచూ మారే దేశాల్లో నిన్నటి పాలకుల మాట నేటివారికి బరువుగా తోచవచ్చన్న అనుమానం దీనికి ఎదురుగా ఉంది. కర్ట్ గౌబట్జ్ 1996లో ఆ అనుమానాన్ని పరిశీలించి, ప్రజాస్వామ్యాల మధ్య కుదిరిన పొత్తులు నిజానికి ఎక్కువ కాలం నిలుస్తున్నాయని తేల్చాడు. రెండు వాదాలూ ఒక విషయాన్ని అంగీకరిస్తాయి: హామీ బలం సంధి వాక్యాల్లో కంటే, ఆ వాక్యాలను రద్దుచేయగల అధికారం స్వదేశంలో ఎవరిదన్న దానిలో ఎక్కువగా ఉంటుంది.

తెలుగు ప్రాంత చరిత్రలో దీనికి చాలా పాతదీ, స్పష్టమైనదీ అయిన ఉదాహరణ ఉంది. ఈస్టిండియా కంపెనీకీ హైదరాబాద్ నిజాముకూ మధ్య 1766లో మొదలై 1947లో తెగిన సంధుల వరస అది. నేటి పలాస, టెక్కలి, పూండి, ఉద్దానం తీరం ఉన్న శ్రీకాకుళం సర్కారు ఆ తొలి హామీకి నిజాం చెల్లించిన వెలలో భాగం.

ఫ్రెంచి హామీ, దాని పతనం

ఉత్తర సర్కారులు హామీకి వెలగా చేతులు మారడం 1766లోనే మొదలు కాదు. హైదరాబాద్ సుబేదారు సలాబత్ జంగ్ తనను గద్దె మీద నిలబెట్టిన ఫ్రెంచి సేనల జీతబత్తేల కోసం 1753లో ముస్తఫానగర్, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కారులను ఫ్రెంచివారికి రాసిచ్చాడు. ఆ సేనల అధిపతి బుస్సీ. ఫ్రెంచి దళం పక్కన ఉన్నంత కాలం సలాబత్ జంగ్‌కు సోదరుల వల్ల గానీ మరాఠాల వల్ల గానీ గండం లేకపోయింది.

ఆ అండకు గండి పడింది యుద్ధభూమిలో కంటే ముందు పారిస్‌లో. ఖర్చులు పెరిగి లాభాలు తగ్గాయని విసిగిపోయిన ఫ్రెంచి కంపెనీ డైరెక్టర్లు 1754లో తమ గవర్నరు డూప్లేను వెనక్కి పిలిపించారు. హైదరాబాద్ దర్బారులోనూ ఫ్రెంచివారి పెత్తనం గిట్టని వర్గం బలపడింది. దివాన్ షానవాజ్ ఖాన్ మాట విని సలాబత్ జంగ్ 1756లో బుస్సీని కొలువు నుంచి తొలగించి, కొద్ది నెలలకే మళ్లీ చేరదీశాడు. 1758లో కొత్తగా వచ్చిన సేనాపతి లాలీ మద్రాసు ముట్టడే ముఖ్యమని బుస్సీని హైదరాబాద్ నుంచి రప్పించుకున్నాడు. దక్కనులో ఏడేళ్లుగా కూడబెట్టిన పలుకుబడి విలువ లాలీకి పట్టలేదు.

మొదట స్పందించింది విజయనగరం జమీందారీ. బొబ్బిలి యుద్ధం జరిగిన మరుసటి ఏడే ఆనంద గజపతిరాజు ఫ్రెంచివారి మీద తిరగబడి ఇంగ్లీషువారికి కబురు పంపాడు. తన పీకలమీదికే ఫ్రెంచి సేన వస్తున్నదని మద్రాసు వెనుకాడింది. కలకత్తాలో గవర్నరు క్లైవ్ మాత్రం కౌన్సిల్ సభ్యుల అభ్యంతరాలను తోసిపుచ్చి కల్నల్ ఫోర్డ్‌ను పంపాడు. 1758 డిసెంబర్‌లో చందుర్తి దగ్గర, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నంలో ఫ్రెంచివారు ఓడారు. మే నెలలో సలాబత్ జంగ్ ఇంగ్లీషువారితో సంధి చేసుకుని, తనను గద్దె ఎక్కించినవారినే తన రాజ్యంలో ఉండనివ్వనని రాసిచ్చాడు. 1762లో తమ్ముడు నిజాం అలీ అతణ్ణి ఖైదు చేసినప్పుడు అడ్డుకోవడానికి ఫ్రెంచి పటాలం లేదు. 1763 పారిస్ సంధిలో బ్రిటన్, ఫ్రాన్సులు రెండూ సలాబత్ జంగ్‌నే దక్కను న్యాయమైన సుబేదారుగా గుర్తించాయి. అప్పటికి ఆ సుబేదారు చెరలో ఉన్నాడు. ఆ ఏడాదే చనిపోయాడు. రెండు మహారాజ్యాల గుర్తింపు అతని ప్రాణాన్ని సైతం కాపాడలేదు.

1766, 1768 సంధులు

క్లైవ్ 1765లో మొగలు చక్రవర్తి షా ఆలం నుంచి ఉత్తర సర్కారులకు ఫర్మానా సంపాదించాడు. ఆ భూమి మీద అసలు అధికారం నిజాం అలీది కాబట్టి ఒప్పందం అతనితో తప్పలేదు. 1766 నవంబర్ 12న హైదరాబాద్‌లో సంధి కుదిరింది. నిజాం ఐదు సర్కారులను కంపెనీకి ఇస్తాడు. ప్రతిగా కంపెనీ అతని అవసరానికి ఒక సేనను సిద్ధంగా ఉంచాలి. సేన అక్కర లేని ఏడాది 9 లక్షల రూపాయల దాకా చెల్లించాలి. అందులో శ్రీకాకుళం సర్కారు పద్దు 2 లక్షలు, అదీ కంపెనీ చేతికి అది చిక్కాకే. తమ కర్ణాటక ప్రాంతానికి ముప్పు ఉంటే సేనను వెనక్కి తీసుకునే వెసులుబాటును కంపెనీ ముందే రాయించుకుంది.

ఏడాది తిరగకుండానే నిజాం మైసూరు పాలకుడు హైదర్ అలీ పక్షం చేరాడు. చెంగం, తిరువణ్ణామలై యుద్ధాల్లో దెబ్బతిని, తెలంగాణలోకి కల్నల్ పీచ్ బెంగాల్ సేన చొచ్చుకురావడంతో దిగివచ్చాడు. 1768 ఫిబ్రవరి సంధిలో కంపెనీ చెల్లింపు తగ్గింది. హామీ ఇప్పుడు కొలతతో వచ్చింది: రెండు సిపాయి పటాలాలు, ఆరు ఫిరంగులు, ఖర్చు నిజాముది. అయితే కంపెనీ వ్యవహారాల పరిస్థితి అనుమతించినప్పుడు మాత్రమే అన్న షరతు అందులో ఉంది. ఆ పరిస్థితిని నిర్ణయించేది ఎవరు? మద్రాసు కౌన్సిలా, కలకత్తాలోని గవర్నరా, లండన్‌లోని డైరెక్టర్లా? సంధి చెప్పలేదు. తరువాతి ముప్పై ఏళ్ల అపనమ్మకమంతా ఆ ఒక్క షరతులోంచి పుట్టిందనడం అతిశయోక్తి కాదు.

సర్కారుల్లో కంపెనీ పట్టు కూడా వెంటనే కుదరలేదు. శ్రీకాకుళం సర్కారు ఉత్తర భాగంలో కిమిడి జమీందారు నారాయణదేవుడు ఎదురు తిరగగా, 1768లో జలుమూరు దగ్గర జరిగిన పోరులో కల్నల్ పీచ్ అతణ్ణి ఓడించాడు. ఈ నేల ప్రజలకూ జమీందారులకూ ఏ సంధిలోనూ సంతకం లేదు. నిజాం భద్రతకు తాకట్టుగా తాము చేతులు మారిన సంగతి వారిని ఎవరూ అడిగి చేసింది కాదు.

గుంటూరు వివాదం: ఇంటి కొట్లాట, బయటి నష్టం

మద్రాసు ప్రభుత్వం ఆ రోజుల్లో ముఠాల చేతిలో ఉంది. ఆర్కాటు నవాబుకు వడ్డీకి అప్పులిచ్చిన కంపెనీ ఉద్యోగులు ఒక వర్గంగా ఏర్పడి, 1776 ఆగస్టులో సొంత గవర్నరు లార్డ్ పిగట్‌నే నిర్బంధించారు. అతను మరుసటి ఏడాది నిర్బంధంలోనే మరణించాడు. తరువాత గవర్నరుగా వచ్చిన థామస్ రంబోల్డ్ 1779లో నిజాముకు చెప్పకుండా, గుంటూరును అనుభవిస్తున్న అతని సోదరుడు బసాలత్ జంగ్‌తో ఒప్పందం చేసుకుని గుంటూరు సర్కారును తీసుకున్నాడు. దాన్ని వెంటనే ఆర్కాటు నవాబుకు కౌలుకిచ్చాడు. సర్కారుల మీద కంపెనీ ఏటా చెల్లించాల్సిన కప్పాన్ని, అంటే పేష్కష్‌ను, వదులుకోమని నిజామునే అడిగించాడు. హామీకి వెలగా వచ్చిన భూమిని ఉంచుకుని వెలను ఎగవేయడమే అది.

నిజాం అలీ హైదర్‌నూ మరాఠాలనూ కలుపుకుని కూటమి కట్టాడు. 1773 నియంత్రణ చట్టం యుద్ధ శాంతుల విషయంలో మద్రాసును బెంగాల్‌కు లోబరిచింది. ఆ అధికారంతో గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్ రంబోల్డ్ పనిని ఖండిస్తూ నిజాముకు రాసి, గుంటూరును తిరిగి ఇప్పించి, అతణ్ణి కూటమి నుంచి చల్లగా వెనక్కి లాగాడు. అప్పటికే జరగాల్సిన నష్టం జరిగింది. గుంటూరు కోసం పంపిన దళంతోనే కల్నల్ బెయిలీ 1780 సెప్టెంబర్‌లో పొల్లిలూరు దగ్గర హైదర్ సేనకు చిక్కి నాశనమయ్యాడు. 1781లో డైరెక్టర్లు రంబోల్డ్‌ను కొలువు నుంచి తొలగించారు. ఒకే కంపెనీ పేరుతో మద్రాసు ఒకటి, కలకత్తా మరొకటి మాట్లాడితే మిత్రుడు ఏ మాట నమ్మాలి అన్న ప్రశ్న నిజాం దర్బారులో అప్పటి నుంచి మాసిపోలేదు.

లండన్ చట్టం, కారన్‌వాలిస్ లేఖ

బ్రిటిష్ పార్లమెంటు 1784లో చేసిన పిట్ ఇండియా చట్టం కొత్త చిక్కు తెచ్చింది. భారతదేశంలో రాజ్య విస్తరణ బ్రిటిష్ జాతి గౌరవానికి విరుద్ధమని ప్రకటిస్తూ, డైరెక్టర్ల అనుమతి లేకుండా యుద్ధం ప్రకటించరాదని, మరో రాజ్యాన్ని కాపాడతామని కొత్త సంధులు చేయరాదని గవర్నర్ జనరల్‌ను అది కట్టడి చేసింది. లండన్ రాజకీయాల్లో అది కంపెనీ అవినీతి మీద తీర్పు. హైదరాబాద్‌లో అదే చట్టానికి అర్థం వేరు: కలకత్తా ఎంత గట్టిగా మాట ఇచ్చినా లండన్ తలుపు తెరుచుకోవాలి.

గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ 1788లో గుంటూరును అడిగి పుచ్చుకున్నాడు. నిజాం దూత మీర్ ఆలం కలకత్తా వెళ్లి, 1768 హామీ ఇప్పటికీ బతికి ఉందా అని తేల్చి చెప్పమన్నాడు. కొత్త సంధికి చట్టం అడ్డు. కాబట్టి కారన్‌వాలిస్ 1789 జులై 7న నిజాముకు ఒక లేఖ రాసి, పాత సంధికి వివరణ ఇచ్చాడు. నిజాం కోరినప్పుడల్లా పటాలాలు వస్తాయి, కంపెనీ మిత్రుల మీద మాత్రం వాటిని ప్రయోగించరాదు. లేఖలో ఆ మిత్రుల జాబితా ఉంది. పీష్వా, సింధియా, భోంస్లేల పేర్లున్నాయి. హైదర్ కొడుకు టిప్పు సుల్తాన్ పేరు లేదు. లేకపోవడం టిప్పుకు వెంటనే అర్థమైంది. 1792లో కామన్స్ సభ ఆ లేఖకు సంధితో సమానమైన బలం ఉందని తీర్మానించింది. సొంత పార్లమెంటు చేసిన చట్టాన్ని పక్కదారిలో దాటి మిత్రుడికి భరోసా ఇవ్వాల్సి రావడం, ఆ పార్లమెంటే తరువాత దాన్ని ఆమోదించడం రక్షణ సంధుల చరిత్రలో అరుదైన ఘట్టం.

ఖర్దా, 1795

టిప్పుపై యుద్ధం ముగిశాక మరాఠాలు నిజాం మీద పాత చౌత్ బకాయిలు తిరగదోడారు. కారన్‌వాలిస్ వెళ్లిపోయాడు. అతని స్థానంలో వచ్చిన సర్ జాన్ షోర్ జాగ్రత్తపరుడు, కంపెనీ ఖర్చులంటే భయపడేవాడు. టిప్పుపై 1790లో కుదిరిన పొత్తు కంపెనీ, నిజాం, పీష్వా ముగ్గురిదని, అందులో ఇద్దరు కొట్లాడుకుంటే మూడోవానికి బాధ్యత ఉండదని అతను వాదించాడు. 1793లో మళ్లీ ధ్రువపడిన చట్ట నిషేధమూ అతనికి ఆసరా అయింది. 1789 లేఖలో పీష్వా పేరుంది కాబట్టి కంపెనీ పటాలాలు నిజాం వెంట కదలలేదు.

1795 మార్చి 11న ఖర్దా దగ్గర నిజాం సేన చెల్లాచెదురైంది. దౌలతాబాద్ సహా విస్తారమైన భూమి, పెద్ద మొత్తంలో సొమ్ము పోయాయి. దివాన్ అరిస్తూ జాను పూనాకు బందీగా పంపాల్సి వచ్చింది. షోర్ తర్కంలో న్యాయపరమైన తప్పు వెతకడం కష్టం. కానీ సర్కారులు ఇచ్చి, పేష్కష్ తగ్గించుకుని, గుంటూరు కూడా వదులుకున్న మిత్రుడికి ఆ తర్కం ఎలా వినిపించి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. అక్షరం నిలిచింది, ఆశ్రయం దొరకలేదు. ఈ చరిత్రలో రక్షణ హామీ పూర్తిగా విఫలమైన ఘట్టాల్లో ఇది ఒకటి.

ఫలితం వెంటనే కనిపించింది. నిజాం కంపెనీ పటాలాలను పంపించివేసి ఫ్రెంచి సేనాని రేమండ్ దళాన్ని పదివేలు దాటేలా పెంచాడు. ఫ్రాన్సుతో బ్రిటన్ యుద్ధంలో ఉన్న ఆ రోజుల్లో హైదరాబాద్‌లో ఫ్రెంచి ఫిరంగులు మోహరించడం షోర్ మిగిల్చిన డబ్బు కంటే ఎన్నో రెట్లు పెద్ద ప్రమాదం. 

నమ్మకానికి తాకట్టు

1798లో గవర్నర్ జనరల్‌గా వచ్చిన వెల్లస్లీకి లండన్ నియంత్రణ మండలి అధ్యక్షుడు డండాస్ మద్దతు ఉంది. బోనపార్టీ ఈజిప్టులో దిగడంతో బ్రిటిష్ ప్రజాభిప్రాయం మారింది. సెప్టెంబర్ 1 సంధి ప్రకారం ఆరు వేల మంది సిపాయిలు హైదరాబాద్‌లోనే శాశ్వతంగా ఉంటారు, నిజాం ఏటా 24,17,100 రూపాయలు కడతాడు. అక్టోబర్ 22న ఫ్రెంచి దళం నిరాయుధమైంది. 1800 అక్టోబర్ సంధిలో డబ్బుకు బదులు భూమే ఇచ్చాడు: బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత. దత్త మండలాలుగా పేరుపడి, 1928 తరువాత రాయలసీమ అయింది ఈ ప్రాంతమే.

పాత హామీలో సేన దూరంగా ఉండి, కోరితే, పరిస్థితి అనుమతిస్తే వచ్చేది. కొత్త పద్ధతిలో సేన ముందే వచ్చి కూర్చుంది. లండన్‌లో ఎవరు గెలిచినా దాన్ని వెనక్కి పిలవడం తేలిక కాదు. హామీ గట్టిపడింది, దానికి నిజాం ఇచ్చిన మూల్యం స్వతంత్ర విదేశాంగ నీతి. స్వదేశ రాజకీయాల అనిశ్చితి నుంచి మిత్రుడిని కాపాడే ఉపాయాలన్నీ మిత్రుడి స్వేచ్ఛను కొంత కొరుకుతాయనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

అటువంటి తాకట్టు లేనివారి గతి రాజస్థాన్‌లో తేలింది. ఖర్చులు భరించలేమని డైరెక్టర్లు వెల్లస్లీని 1805లో రప్పించుకోగా, తరువాత గవర్నర్ జనరల్ అయిన జార్జ్ బార్లో జైపూర్‌తో 1803లో కుదిరిన పొత్తును రద్దుచేశాడు. జైపూర్‌ను మరాఠాల దయకు వదలడం అవమానమని సేనాని లార్డ్ లేక్ మొత్తుకున్నా వినలేదు. హైదరాబాద్ పొత్తు మాత్రం నిలిచింది.

సర్కారుల పేష్కష్ కథ 1823లో ముగిసింది. విలియం పామర్ అండ్ కంపెనీకి నిజాం ప్రభుత్వం పడిన అప్పు తీర్చడానికి, ఏడాదికి 7 లక్షల పేష్కష్‌ను 1,16,66,666 రూపాయలకు ఒకేసారి కంపెనీ కొనేసింది. శ్రీకాకుళం తీరం మీద నిజాముకు మిగిలిన ఆఖరి హక్కు ఆ అప్పుల పద్దులో కలిసిపోయింది.

1947: సంధులను చట్టం మింగడం

మొదటి ప్రపంచయుద్ధంలో చేసిన సాయానికి నాటి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌కు 1918లో విశ్వాసపాత్ర మిత్రుడన్న బిరుదు దక్కింది. 1945 జులై ఎన్నికల్లో లేబర్ పార్టీ గెలిచి, భారత్ నుంచి వైదొలగడం బ్రిటన్ విధానమైంది. 1947 భారత స్వాతంత్ర్య చట్టం ఏడవ సెక్షన్ సంస్థానాలతో ఉన్న సంధులన్నిటినీ ఒక్క వాక్యంలో రద్దుచేసింది. సంధి రెండు పక్షాలదైనప్పుడు ఒకరు ఏకపక్షంగా ఎలా తెంచుతారని నిజాం నిరసన తెలిపాడు. చర్చిల్ 1948 జులైలో కామన్స్ సభలో నిజాం పక్షాన గట్టిగా మాట్లాడాడు, కానీ అతను అప్పుడు ప్రతిపక్ష నేత. ప్రతిపక్షం సానుభూతిని రక్షణగా భ్రమించడం హైదరాబాద్ చేసిన పెద్ద పొరపాటు.

హైదరాబాద్ సొంత మాట మీదా నమ్మకం నిలవలేదు. 1947 అక్టోబర్ 27 తెల్లవారుజామున ఇత్తెహాద్ పార్టీ గుంపులు భారత్‌తో సంప్రదింపులు జరుపుతున్న నిజాం బృందం సభ్యుల ఇళ్లను చుట్టుముట్టాయి. నిజాం తాను ఆమోదించిన ఒప్పందం ముసాయిదా నుంచి వెనక్కి తగ్గాడు, ప్రధాని ఛతారీ నవాబు తప్పుకున్నాడు. నవంబర్ 29న యథాతథ ఒప్పందం కుదిరినా, కాసిం రజ్వీ రజాకార్లను నిజాం అదుపు చేయగలడని ఢిల్లీ నమ్మలేదు. 1948 సెప్టెంబర్ 13న భారత సేనలు కదిలాయి, 17న నిజాం లొంగిపోయాడు.

ఇతర దేశాల్లో

ఇరవయ్యో శతాబ్దపు ప్రసిద్ధ ఉదాహరణ 1919 నాటిది. జర్మనీ మళ్లీ దాడిచేస్తే కాపాడతామని అమెరికా, బ్రిటన్ ఫ్రాన్సుకు సంధులు రాసిచ్చాయి. అమెరికా సెనేట్ తన సంధిని ఆమోదించలేదు. బ్రిటన్ హామీ అమెరికా హామీకి ముడిపడి ఉండడంతో అదీ రాలిపోయింది. దక్షిణ వియత్నాం అధ్యక్షుడు థియూకు నిక్సన్ రహస్య లేఖల్లో ఇచ్చిన మాటను 1973లో అమెరికా కాంగ్రెస్ నిధుల నిషేధం పనికిరాకుండా చేసింది. 1975లో సైగాన్ పతనమైంది. రహస్యంగా ఇచ్చిన హామీకి స్వదేశంలో కాపలాదారులు ఉండరు. తైవాన్ విషయంలో కథ తిరగబడింది. అధ్యక్షుడు కార్టర్ రక్షణ సంధికి స్వస్తి చెప్పగా, కాంగ్రెస్ 1979లో తైవాన్ సంబంధాల చట్టం చేసి ఆయుధ సహాయానికి వీలు నిలబెట్టింది.

1949 నాటో సంధిలో ఐదవ అధికరణ ఒకరిపై దాడిని అందరిపై దాడిగా భావిస్తుంది, కానీ ఏ చర్య అవసరమో ప్రతి దేశమూ తానే నిర్ణయించుకుంటుంది. సెనేట్ అధికారం కాపాడటానికే ఆ వెసులుబాటు. అమెరికా దళాలు జర్మనీలో నిలిచి ఉండడమే ఐరోపాకు అసలు భరోసా అయింది, 1798 హైదరాబాద్‌లో లాగానే. 2024 ఫిబ్రవరిలో డొనాల్డ్ ట్రంప్ ఎన్నికల సభలో, బకాయిపడ్డ సభ్యదేశాన్ని కాపాడబోనని తాను ఒకప్పుడు చెప్పినట్టు ప్రకటించాడు. అంతకు ముందే 2023 డిసెంబర్‌లో, సెనేట్ మూడింట రెండొంతుల ఆమోదం లేదా కాంగ్రెస్ చట్టం లేకుండా అధ్యక్షుడు నాటో నుంచి తప్పుకోరాదని చట్టం వచ్చింది. సభ్యత్వాన్ని చట్టం కాపాడగలదు, యుద్ధానికి దిగే సంకల్పాన్ని కాపాడలేదు. జర్మనీ 2025 మార్చిలో రక్షణ వ్యయానికి అప్పుల పరిమితి సడలిస్తూ రాజ్యాంగాన్ని సవరించుకోవడం వెనుక ఈ లెక్క ఉంది.

స్వతంత్ర భారతదేశం

భారత్ ఇచ్చిన హామీలూ స్వదేశ రాజకీయాల ఒత్తిడి చూశాయి. 1987 ఒప్పందం ప్రకారం శ్రీలంకకు వెళ్లిన శాంతి సేనకు తమిళనాడులో వ్యతిరేకత పెరిగింది. కొలంబోలో ప్రేమదాస అధ్యక్షుడై సేనను పొమ్మన్నాడు. ఢిల్లీలో 1989 డిసెంబర్‌లో ప్రభుత్వం మారింది. 1990 మార్చిలో సేన ఉపసంహరణ పూర్తయింది.

ఇందుకు భిన్నమైనది 1971 ఆగస్టు 9 నాటి భారత్-సోవియట్ సంధి. ఒకరికి ముప్పు వస్తే వెంటనే సంప్రదించుకోవాలని దాని తొమ్మిదవ అధికరణ చెప్పింది. 1977లో ఇందిరా గాంధీ ఓడి జనతా ప్రభుత్వం వచ్చినప్పుడు మాస్కో కలవరపడింది. విదేశాంగ మంత్రి గ్రొమికో ఏప్రిల్‌లోనే ఢిల్లీ వచ్చాడు. మొరార్జీ దేశాయ్ సంధిని కొనసాగించాడు. విశాఖపట్నం జలాంతర్గామి స్థావరం సోవియట్ నావలతోనే ఎదిగింది, 1988లో అద్దెకు తెచ్చిన అణు జలాంతర్గామి చక్ర కూడా అక్కడే ఉండేది. ఈ పొత్తును చివరకు కుదిపింది భారత రాజకీయం కాదు, సోవియట్ యూనియన్ పతనం. 1993 జనవరిలో యెల్త్‌సిన్ వచ్చి కొత్త స్నేహ సంధి మీద సంతకం చేశాడు. తొమ్మిదవ అధికరణలోని భద్రతా బాధ్యత ఆ రూపంలో అందులో లేదు.